విశ్రాంతమ్మ తుంటికి కరెంటు పట్టీ

ప్రార్థన మందిరంలో పాట ఎత్తే హక్కు ఎవరిదన్న సంగతి ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అయినా అశ్వారావుపేట అవతల, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే ఆ ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుతుంది. పాస్టరు గారి బల్లకు ఎదురుగా, ఆడవాళ్ళ చాప మీద మొదటి చోట ఎవరు కూర్చుంటే పాట వాళ్ళదే. మిగతావాళ్ళు వెనక అందుకోవాలి. ఆ మొదటి చోటు ఏళ్ళ తరబడి విశ్రాంతమ్మది.

ఊరికే రాలేదు ఆ చోటు. విశ్రాంతమ్మ కొత్తగూడెంలో గని కార్మికుడి కూతురు. క్వార్టర్ల పక్కన పెద్ద చర్చిలో పాటలు నేర్చుకుని వచ్చిన మనిషి. ఆమె గొంతు లావుగా, కిందుగా, అందరికీ చోటిచ్చేట్టు ఉండేది. ముసలాళ్ళకూ అందేది, ముక్కు చీదుకునే పిల్లలకూ అందేది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. పాట మధ్యలో ఎవరైనా తాళం తప్పితే, పాడుతూనే వెనక్కి తిరిగి ఒక చూపు చూసేది. ఆ చూపు పడ్డవాళ్ళు మళ్ళీ వారం దాకా తాళం తప్పేవాళ్ళు కాదు.

రెండో చోటు కొండమ్మది. కొండమ్మ విశ్రాంతమ్మకు వరసకు ఆడబిడ్డ, స్వభావానికి కూడా ఆడబిడ్డే. ఆమె గొంతు సంగతి చెప్పాలంటే, మిగతావాళ్ళ గొంతులు ఎక్కడ అయిపోతాయో సరిగ్గా అక్కడ మొదలవుతుంది. విశ్రాంతమ్మ ఎప్పుడు జ్వరం పడుతుందా, ఎప్పుడు పుట్టింటికి పోతుందా అని ఆమె కాచుకుని కూర్చునేది. విశ్రాంతమ్మ జ్వరంతో కూడా వచ్చేది. పుట్టింటికి సోమవారం పోయి శనివారం తిరిగొచ్చేది.

విశ్రాంతమ్మ మొగుడు ఇన్నయ్య ట్రాక్టరు డ్రైవరు. పామాయిల్ గెలలు తోటల నుంచి మిల్లుకు తోలేవాడు. విశ్రాంతమ్మ ఆ తోటల్లోనే చెట్ల కింద రాలిన పళ్ళు ఏరే కూలికి పోయేది. ఒకనాటి సాయంత్రం మొగుడి ట్రాక్టరు ట్రక్కులో గెలల మీద కూర్చుని ఇంటికొస్తుంటే, గుంతలో చక్రం పడి, మనిషి కిందపడింది. తుంటి కీలు జారింది. ఖమ్మంలో సరిచేశారు. రెండేళ్ళు బాగానే తిరిగింది. రెండువేల ఆరు ఎండాకాలం నుంచి గజ్జల్లో నొప్పి మొదలైంది. అడవిలోని గూడెం నుంచి వచ్చే జంపక్క దగ్గర ఇప్పనూనె కొని రాసుకుంది. సూదులు వేయించుకుంది. మొగుణ్ణి తిట్టుకుంది. దేనికీ తగ్గలేదు. చివరికి ఖమ్మం డాక్టరు ఆమెను హైదరాబాదు పంపి పెద్ద స్కానింగు తీయించి, మళ్ళీ పిలిపించి కూర్చోబెట్టాడు.

"చూడమ్మా, నీ తొడ ఎముక పైకొస బంతిలాగా ఉంటుంది. కీలు జారినప్పుడు దానికి రక్తం పోయే దారి దెబ్బతిన్నది. ఇప్పుడా బంతిలో కొంత ఎముక చచ్చిపోయింది" అన్నాడు డాక్టరు.

ఇన్నయ్య కంగారుపడ్డాడు. "చచ్చిపోయిందంటే ఏంది సార్? మిగతాదంతా మంచిగనే ఉన్నది గదా?"

ఆస్పత్రి వరండాలో అంతకు ముందు అరగంట పాటు విశ్రాంతమ్మ మొగుణ్ణి తిట్టడం డాక్టరు విన్నాడు. "మిగతాదంతా బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. "బంతి ఇంకా కూలలేదు. కూలితే ఆపరేషన్ చేసి కొత్త కీలు వెయ్యాలి."

"కొత్త కీలు ఏసినంక చాప మీద బాసింపట్టు ఏసుక కూసోవచ్చా సార్?" అని విశ్రాంతమ్మ అడిగింది.

"కూడదమ్మా. ఇక జన్మంతా కుర్చీయే."

కాలు పోతుందన్నా విశ్రాంతమ్మ అంత బెంగపడేది కాదేమో. ఇంకేదైనా దారి చెప్పమని డాక్టర్ని పట్టుకుంది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ఒక పట్టీ ఉందన్నాడు. కరెంటు పారే తీగ చుట్ట. తుంటికి కట్టుకుంటే అయస్కాంతం లాంటి శక్తి లోపలికి పోయి, ఎముకను మళ్ళీ కట్టుకోమని ఉసిగొల్పుతుందని అంటారట. కొందరికి నొప్పి తగ్గింది, కొందరికి ఏమీ కాలేదు, నేనైతే మాట ఇవ్వను అన్నాడు. ఆరు నెలలు, రోజుకు ఎనిమిది గంటలు కట్టుకోవాలి. చేతిలో కర్ర ఉండాలి. బరువులెత్తకూడదు. నేల మీద అసలే కూర్చోకూడదు.

"డిసెంబరులో మళ్ళీ చూసి, అప్పుడు మాట్లాడదాం" అని ముగించాడు.

ఆయన చెప్పినవాటిలో విశ్రాంతమ్మ చెవికెక్కింది ఆ చివరి మాట ఒక్కటే. డిసెంబరంటే క్రిస్మస్. క్రిస్మస్‌కు తన చాప మీద తన చోట కూర్చుని పాట ఎత్తాలి. పట్టీని కిరాయికి తెచ్చుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

పట్టీ చూడటానికి వాడంతా వచ్చింది. అది నీళ్ళ బిందె కింద పెట్టే చుట్టకుదురంత ఉంది. దానికొక వైరు, వైరు చివర చిన్న డబ్బా, డబ్బా మీద పచ్చ లైటు. కట్టుకుంటే వేడి లేదు, చల్లన లేదు, జిల్లుమనదు, కదలదు. ఇన్నయ్య టెస్టర్ పెట్టి చూశాడు. కొండమ్మ చెవి పెట్టి విన్నది.

"ఏం చేస్తున్నదే ఇది?" అన్నది కొండమ్మ.

"ఎముకను లేపుతున్నది" అన్నది విశ్రాంతమ్మ.

"ఇట్ల సప్పుడు చెయ్యకుంట లేపితే అదేం లేస్తది?"

అందరికంటే ఎక్కువగా మనసు కష్టపెట్టుకున్నది జంపక్క. ఆమె ఇప్పనూనె సీసా అటకెక్కింది మరి. జంపక్క పట్టీ చుట్టూ ఒకసారి తిరిగి, మర్నాడు చంకలో కోడిపెట్టతో వచ్చింది.

"ఇది గుడ్డు మానేసింది. దీన్ని దాంట్ల కూసోబెట్టి సూద్దాం. కోడి లేచిందంటే నీ ఎముక కూడ లేస్తది" అన్నది.

విశ్రాంతమ్మ స్నానానికి పోయిన సందు చూసి, ఇద్దరూ కలిసి కోడిని చుట్టలో కూర్చోబెట్టారు. ఇద్దరంటే జంపక్క, ఇన్నయ్య. కోడికి ఆ చోటు బాగా నచ్చినట్టుంది, కళ్ళు మూసుకుంది. రెండో రోజు గుడ్డు పెట్టింది. పొదుగు దిగిన కోడి ఎట్లాగూ గుడ్డు పెడుతుందని ఇన్నయ్య ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆ వారమంతా ఇంటి ముందు కోళ్ళతో ఆడవాళ్ళు బారులు తీరారు. ఒకామె పాలివ్వని మేకను కూడా పట్టుకొచ్చింది. విశ్రాంతమ్మ కర్ర తీసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇది తుంటిది! కోళ్ళది గాదు, మేకలది గాదు! పోండి!" అని అరిచింది.

అసలు చిక్కు కోళ్ళతో కాదు, కరెంటుతో వచ్చింది. ఆ ఊళ్ళో కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోయేది. ఎనిమిది గంటలు పూర్తి చేయడానికి విశ్రాంతమ్మ వేళాపాళా లేకుండా పట్టీ కట్టుకునేది. అన్నం తింటూ కట్టుకునేది, మొగుణ్ణి తిడుతూ కట్టుకునేది. ఊళ్ళో కరెంటు పోయినా వెలుగుండే చోటు ఒక్కటే, ప్రార్థన మందిరం. మైకు కోసం అక్కడ ఇన్వర్టర్ పెట్టుకున్నారు. ఆదివారం ఆరాధన మూడు గంటల పైమాటే. అంత చక్కని కరెంటును వదులుకోవడం విశ్రాంతమ్మకు పాపమనిపించింది. మందిరంలో ప్లగ్గు ఉన్నది వెనక గోడకు. డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు. కుర్చీ ముందు వేస్తే చాపల మీదున్న వాళ్ళకు పాస్టరు గారు కనపడరు. ఇన్ని కారణాల వల్ల ఆమె చోటు వెనక గోడ దగ్గర, ఒక ప్లాస్టిక్ కుర్చీలోకి మారింది.

మొదటి ఆదివారం కొండమ్మ రెండో చోటు నుంచి మొదటి చోటుకు లేవకుండానే వచ్చింది. కూర్చున్నపళంగా జరిగింది. అయ్యగారు, అంటే పాస్టరు జస్టిన్ గారు, పాట ఎత్తమన్నారు. కొండమ్మ ఎత్తింది. ఎత్తడమంటే మామూలు ఎత్తడం కాదు, ఆ పాటను తీసుకుపోయి రేకుల కప్పుకు తగిలించింది. మొదటి చరణం కొందరు అందుకున్నారు. రెండో చరణానికి మగవాళ్ళ గొంతులు పగిలాయి. మూడో చరణం కొండమ్మ ఒక్కతే పాడుకుంది. వెనక కుర్చీలో విశ్రాంతమ్మ ఆగలేక అదే పాట కిందుగా ఎత్తింది. ముందు నుంచి ఒక పాట, వెనక నుంచి ఒక పాట మందిరం మధ్యలో గుద్దుకున్నాయి.

"ఒక్కరే ఎత్తండమ్మా" అన్నారు అయ్యగారు. "మొదటి చోటు ఎవరిదైతే వాళ్ళు."

విశ్రాంతమ్మ నోరు మూసుకుంది. ఆమె జీవితంలో అది తక్కువ సార్లు జరిగిన పని. ఆ రోజు నుంచి ఆమెకు క్రిస్మస్ తప్ప వేరే ధ్యాస లేదు. పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుని, తుంటితో మాట్లాడేది. "లే. లేస్తవా లేవవా? డిసెంబరొస్తున్నది" అని దాన్ని గదమాయించేది.

ఇంతలో ఊళ్ళో ఇంకో జబ్బు పుట్టింది. ఆ మందిరంలో అంతవరకు కుర్చీలు అయ్యగారికి, సంఘ పెద్దలకు, బయటి నుంచి వచ్చిన అతిథులకు మాత్రమే. ఇప్పుడు పళ్ళు ఏరే విశ్రాంతమ్మ కుర్చీలో, కాలి మీద కాలు వేసుకోలేకపోయినా, దర్జాగా కూర్చుంటోంది. ముందుగా ముత్తక్క తుంటి పట్టుకుంది. ముత్తక్క విశ్రాంతమ్మ పక్కింటామె. ఆదివారం పొద్దున ఇంట్లో కుర్చీ నెత్తిన పెట్టుకుని మందిరానికి వచ్చింది. ఆ కుర్చీ మోసుకుంటూ ఆమె నడిచిన వేగం చూస్తే తుంటి నొప్పి ఉన్నట్టు అనిపించలేదు గాని, అయ్యగారు మెత్తని మనిషి, సరేనన్నారు. ఆ పై వారం ఇంకో ఇద్దరు. వానాకాలం అయ్యేసరికి ఆడవాళ్ళలో సగం మందికి పైగా తుంటి నొప్పే. అందరికీ ఎడమ తుంటే. అందరూ విశ్రాంతమ్మలాగే అదే పక్కకు ఒరిగి నడిచేవాళ్ళు. నడుస్తూ నడుస్తూ మరిచిపోతే రెండో పక్కకు ఒరిగేవాళ్ళు. కుర్చీలన్నీ వెనక్కి చేరాయి. ముందు చాప మీద కొండమ్మ, ఆమె చుట్టూ కొందరు ముసలమ్మలు, పిల్లలు మిగిలారు. కొండమ్మకూ కుర్చీ మీద ఆశ లేకపోలేదు. కుర్చీ ఎక్కితే పాట పోతుంది గదా, అందుకని పళ్ళు బిగబట్టుకుని చాపనే కరుచుకుంది.

ఈ తుంటి నొప్పుల గుట్టు బయటపడింది మైకు వల్ల. జస్టిన్ అయ్యగారికి బల్ల దగ్గర నిలబడి చెప్పే అలవాటు లేదు. పొడుగు వైరున్న మైకు పట్టుకుని జనంలో తిరుగుతూ వాక్యం చెప్పేవారు. ఒక ఆదివారం అబద్ధాలాడకూడదన్న విషయం మీద చెబుతూ చెబుతూ, మొదటిసారి వెనక కుర్చీల వరసలోకి వచ్చారు.

"పొరుగువాని యొద్ద అబద్ధమాడు నాలుక..." అని ఆయన అనగానే స్పీకరు గుర్రుమంది.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. ఆగిపోయింది. మళ్ళీ ముందుకొచ్చారు. విశ్రాంతమ్మ పక్కనున్న ముత్తక్క కుర్చీ దగ్గరికి రాగానే స్పీకరు ఇంకా గట్టిగా, ఊపిరి తీసి తీసి, గుర్ర్... గుర్ర్ మని పులి గొంతు పెట్టింది. మందిరమంతా బిగుసుకుపోయింది. అయ్యగారు మైకును అటూ ఇటూ తిప్పి చూశారు. తిప్పిన కొద్దీ గుర్రు ఎక్కువైంది. ముత్తక్క చెమటలు కక్కుతూ లేచి నిలబడింది.

"అయ్యా, నన్ను క్షమించుండ్రి! నాకు తుంటి నొప్పి లేదు! ఏ నొప్పీ లేదు! కుర్సీ కోసం చెప్పిన!" అని భోరుమంది.

ఆమె పక్కనున్నామె కూడా లేచింది. "నాకూ లేదయ్యగారూ! నాకు వచ్చేది పంటి నొప్పి!"

ఇక వరసంతా లేచింది. ఎవరికీ తుంటి నొప్పి లేదు. మగవాళ్ళ వైపు నుంచి కూడా ఒకాయన లేచి, అడగకుండానే, పొరుగువాళ్ళ తోటలో గెల ఒకటి నరికిన సంగతి చెప్పుకున్నాడు. అయ్యగారికి కన్నీళ్ళు వచ్చాయి. ఇంత కదలిక ఆయన సేవలో ఎన్నడూ చూడలేదు. చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టబోతుండగా, గుమ్మం దగ్గర కూర్చున్న ఇన్నయ్య నెమ్మదిగా లేచి వచ్చి, గోడకున్న ప్లగ్గు తీశాడు. పచ్చ లైటు ఆరిపోయింది. స్పీకరు నోరు మూసింది.

"అది పట్టీ అయ్యగారూ" అన్నాడు ఇన్నయ్య సిగ్గుపడుతూ. "నా ట్రాక్టరు పక్కన రేడియో పెట్టినా గిట్లనే అరుస్తది."

గెల నరికినాయన మెల్లగా కూర్చున్నాడు. ముత్తక్క మాత్రం విశ్రాంతమ్మ వైపు గుడ్లురిమి చూసి, చెప్పిందంతా వెనక్కి తీసుకోవచ్చా అని అడిగింది. కూడదన్నారు అయ్యగారు. ఇంత జరిగినా ఒక్కరు కూడా కుర్చీ దిగి చాప మీదికి పోలేదు. కుర్చీ రుచి మరిగాక అబద్ధం ఒప్పుకోవడం సులువు గాని, దిగడం సులువు కాదు. ఆ రోజు విశ్రాంతమ్మ ఇంటికెళ్ళి, తుంటి నొప్పెట్టేదాకా నవ్వింది.

డిసెంబరు వచ్చింది. మొగుడూ పెళ్ళాం ఖమ్మం పోయారు. డాక్టరు పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన లైటు మీద పెట్టి చూశాడు. విశ్రాంతమ్మ ఆయన ముఖాన్నే చూస్తోంది.

"చచ్చిన చోటు అంతే ఉంది. పెరగలేదు, బంతి కూలలేదు. నొప్పి తగ్గిందంటున్నావు. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు" అన్నాడు. "పట్టీ వల్లనా, కర్ర వల్లనా, బరువులు మానెయ్యడం వల్లనా అంటే నేను చెప్పలేను. పట్టీ తిరిగిచ్చెయ్యి."

"మరి చాప సార్?"

డాక్టరుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు. "చాప మాట మర్చిపోమ్మా. ఇప్పుడే కాదు, ఎప్పటికీ వద్దు. బాసింపట్టు వేశావంటే నిలబడ్డది కాస్తా కూలుతుంది."

కాలు దక్కినందుకు ఇన్నయ్య డాక్టరుకు రెండు చేతులా దండం పెట్టాడు. విశ్రాంతమ్మ బస్సులో ఏడుపు మొదలుపెట్టి, కొత్తగూడెం వచ్చేదాకా ఆపలేదు. అక్కడ ఇన్నయ్య జామకాయలు కొనిస్తే, తింటూ ఏడ్చింది. ఇన్నయ్యకు ఓదార్చడం చేతకాదు. అతను పుట్టుకతో ఆర్.సి.ఎం. వాడు, అంటే రోమన్ కాథలిక్.

"పోనీ మా ఆర్.సి.ఎం. గుడికి పోదాం. ఆడ అందరికీ బెంచీలే. చాపలే ఉండవు" అన్నాడు.

"నోరు మూసుకో" అన్నది విశ్రాంతమ్మ. తర్వాత "నా చోటు పోయింది. ఇంక రాదు" అన్నది. ఆ మాట ఆమె మెల్లగా అన్నది. తిట్టు కానిది ఆమె నోటివెంట వినేసరికి ఇన్నయ్యకు భయమేసింది. ఊరొచ్చేదాకా ఆమె కర్ర తనే పట్టుకుని కూర్చున్నాడు.

క్రిస్మస్ నాడు మందిరం నిండిపోయింది. రంగు కాగితాల తోరణాలు కట్టారు. జంపక్క కూడా గూడెం వాళ్ళతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెకు దేవుడి కంటే బిర్యానీ మీద ఎక్కువ గురి, ఆ సంగతి దాచుకునేది కూడా కాదు. విశ్రాంతమ్మ కొత్త చీర కట్టుకుని, పాత చోటనే, వెనక గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. పట్టీ లేదు, ప్లగ్గుతో పని లేదు. అయినా కుర్చీ ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. ఆమె చుట్టూ ఆడవాళ్ళ కుర్చీలు. ముందు, బల్లకెదురుగా, చాప మీద కొండమ్మ.

అయ్యగారు పండగ పాట ఎత్తమన్నారు. కొండమ్మ ఎత్తింది. పండగ గదా అని ఇంకాస్త పైకి ఎత్తింది. రెండో చరణానికి జనం జారిపోయారు. పిల్లలు కిసుక్కుమన్నారు. కొండమ్మ మళ్ళీ మొదటి నుంచి ఎత్తింది. ఈసారి రెండో చరణం మధ్యలో ఆమె గొంతే కీచుమని ఆగిపోయింది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి విశ్రాంతమ్మను చూశారు. ఆమె తల దించుకుని నేలకేసి చూస్తోంది. పాట గొంతులోనే ఉంది. కానీ చోటు లేని మనిషి పాట ఎట్లా ఎత్తుతుంది? ఆ పద్ధతి పెట్టినదాన్లో ఆమె చెయ్యి కూడా ఉంది. ఇన్నాళ్ళు ఆ చోట ఇంకొకళ్ళను ఎత్తనివ్వలేదు మరి.

కొండమ్మ లేచింది. చాప మీదున్న పిల్లలను అదిలించి లేపింది. ముసలమ్మలను చెయ్యి పట్టి లేపింది. చాప చుట్ట చుట్టి చంకన పెట్టుకుని, మందిరం మధ్యగా నడిచి, విశ్రాంతమ్మ ముందుకొచ్చి దులిపి పరిచింది.

"కుర్సీ దీని మీదికి జరుపు వదినె" అన్నది బొంగురు గొంతుతో.

"ఏందే ఇది?"

"డాక్టరు కూసోవద్దన్నడు గాని, చాప మీద కుర్సీ ఏసుకోవద్దన్నడా? చాప ఏడుంటే ముందు వరస ఆడనే. ఎత్తు. నా వల్ల గాదు. గొంతు పూర్తిగ పోయిందంటే రేపు ఇంట్ల కోడలు నన్ను లెక్కచెయ్యదు."

విశ్రాంతమ్మ కొండమ్మ ముఖంలోకి చూసింది. ఎగతాళి ఏమైనా ఉందేమోనని వెతికింది. చెమట తప్ప ఏమీ లేదు. ముత్తక్క, ఇంకొకామె కలిసి కుర్చీని విశ్రాంతమ్మతో సహా ఎత్తి చాప మొదట్లో పెట్టారు. ఇద్దరూ తుంటి నొప్పి వాళ్ళే. కొండమ్మ ఆ కుర్చీ పక్కన, తన పాత రెండో చోట చతికిలబడింది. అవతల బల్ల దగ్గర జస్టిన్ అయ్యగారు ఒంటరిగా మిగిలిపోయారు. కాసేపు చూసి, "ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండయ్యా" అన్నారు. ఇన్నయ్య, గెల నరికినాయన కలిసి బల్లను మోసుకొచ్చి చాప ముందు దించారు.

విశ్రాంతమ్మ అరికాళ్ళు రెండూ చాపకు ఆనించింది. కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండానే పాట ఎత్తింది. కిందుగా, లావుగా ఎత్తింది. మగవాళ్ళు అందుకున్నారు. ముసలమ్మలు అందుకున్నారు. గుమ్మం దగ్గర జంపక్కకు పాట రాదు గాని, చప్పట్లు అందుకుంది. రెండో చరణం వచ్చింది, ఎవరూ జారిపోలేదు. మూడో చరణంలో పక్కనున్న కొండమ్మ, గొంతు పోయిందన్న మనిషి, ఆగలేక, అందరికంటే పైగా ఒక కీచు అందుకుంది. విశ్రాంతమ్మ పాడుతూనే అలవాటు చొప్పున అటు తిరిగింది. చూపు చూడబోయి, నవ్వేసి, పాడుకోనిచ్చింది.